గురక గాఢ నిద్రకు గుర్తు కాదు: వాట్సాప్‌లో తిరుగుతున్న సందేశానికి ఖండన

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడవాటి సందేశం చేతులు మారుతోంది. దాని సారం ఇది. గురక ఒళ్లెరగని నిద్రకు గుర్తు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అంటే స్లీప్ అప్నియా, రాత్రి మాస్కుతో గాలి పంపే మిషన్లు అమ్ముకునేవాళ్లు పుట్టించింది. 2016లో విదేశీ డాక్టర్లే 2,700 మందికి మిషన్ పెట్టి చూసి గుండెపోట్లు తగ్గలేదని ఒప్పుకున్నారు. ఒకవేళ వచ్చినా లావుగా ఉన్నవాళ్లకే వస్తుంది. షుగరుకూ గురకకూ సంబంధం లేదు. పడుకునేముందు ముక్కులో రెండు చుక్కల ఆవునెయ్యి, ఒక సీసా కల్లు చాలు. మిషన్ అలవాటైతే కరెంటు పోయిన రాత్రి ప్రాణం పోతుంది.

ఇన్ని మాటల్లో నిజం కొంచెం ఉన్నది ఒక్కదాంట్లోనే, ఆ 2016 పరీక్ష సంగతిలో. మిగతావన్నీ దాని చాటున నడుస్తున్నాయి.

"గురక పెడుతున్నాడంటే హాయిగా నిద్రపోతున్నట్టే"

నిద్రలో గొంతు కండరాలు వదులై దారి ఇరుకైతే గాలి ఒరుసుకుంటూ పోయే చప్పుడే గురక. గురక పెట్టే ప్రతి ఒక్కరికీ జబ్బు ఉండదు. గమనించాల్సింది చప్పుడును కాదు, చప్పుడు ఆగిన చోటును. తెల్లవారుజామున మూడు, ఐదు గంటల మధ్య పక్కన కూర్చుని చూడండి. గురక ఉన్నట్టుండి ఆగుతుంది. ఛాతీ, పొట్ట మాత్రం కదులుతూనే ఉంటాయి, అదీ ఎదురెదురుగా: పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోతుంది. ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి తగలదు. ఇలా పది సెకన్లు దాటితే అది ఒక అప్నియా. కొందరిలో ముప్పై, నలభై సెకన్లు కూడా సాగుతుంది. ఆ తర్వాత ఒక్క కుదుపుతో ఊపిరి అందుకుని, మళ్లీ గురకలోకి జారిపోతారు. పొద్దున అడిగితే ఏమీ గుర్తుండదు. ఇంట్లోవాళ్లు ఫోనులో రెండు మూడు నిమిషాల వీడియో తీసి డాక్టరుకు చూపిస్తే చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు, ఛాతీ, పొట్ట కనపడేలా తీయాలి.

ఊపిరి ఆగిన ఆ కాసేపట్లో రక్తంలో ఆక్సిజన్ 95 శాతం నుంచి 80కి, ఇంకా కిందికీ దిగవచ్చు. ఊపిరి అందిన క్షణంలో అడ్రినలిన్ ఎగదన్ని బీపీ, గుండె వేగం రెండూ ఒక్కసారిగా లేస్తాయి. గంటకు 30 సార్లంటే ఒక రాత్రికి 200 దాటుతుంది. మామూలు మనిషికి నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం దిగుతుంది, వీళ్లకు దిగదు. మూడు రకాల గోలీలు వాడుతున్నా బీపీ అదుపులోకి రాలేదంటే గోలీల కంపెనీ మార్చేముందు ఇంట్లోవాళ్లను గురక గురించి అడగడం అందుకే అవసరం.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. మూసుకున్న గొంతుకు ఎదురు ఛాతీ బలంగా లాగినప్పుడు గుండె పై గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని ఆ గదులు ఉప్పును, నీటిని బయటికి తోసే హార్మోన్‌ను వదులుతాయి. మనిషి రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తాడు. దాన్ని షుగరు ఖాతాలోనో ప్రోస్టేట్ ఖాతాలోనో వేసి ఊరుకుంటారు.

మిషన్లు అమ్మేవాళ్లు పుట్టించారన్న మాటకు జవాబు చిన్నదే. అమెరికాలోని మిన్నెసోటాలో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయినవారిలో, అంతకుముందే నిద్ర పరీక్ష చేయించుకుని ఉన్న 112 మంది రికార్డులను తీసి చూశారు. 2005లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అప్నియా ఉన్నవారిలో 46 శాతం మంది అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరులోపే పోయారు. అప్నియా లేనివారిలో అది 21 శాతం. మన దేశం సంగతికొస్తే ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు ఇక్కడి అధ్యయనాలన్నీ కలిపి 2023లో వేసిన లెక్కలో, పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి ఈ జబ్బు ఉంది.

"మిషన్ పెట్టినా గుండెపోట్లు తగ్గలేదని పరీక్షలోనే తేలింది"

దీన్ని కొట్టిపారేయకూడదు. ఆ పరీక్ష పేరు సేవ్. ఏడు దేశాల్లో జరిగింది, అందులో మన దేశం కూడా ఉంది. అప్పటికే గుండె రక్తనాళాల జబ్బో పక్షవాతమో ఉన్న, 45 నుంచి 75 ఏళ్ల 2,717 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు మందులు. రెండో భాగానికి మందులతోపాటు సీప్యాప్ మిషన్, అంటే మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా నిలిపి ఉంచేది. సగటున 3.7 ఏళ్లు చూశారు. గుండె, మెదడు రక్తనాళాల ప్రమాదాలు మిషన్ వాడినవారిలో 17 శాతం, వాడనివారిలో 15.4 శాతం. ఆ తేడాను గణాంకాల ప్రకారం తేడాగా లెక్కపెట్టలేం. అంటే మిషన్ లాభమూ చేయలేదు, నష్టమూ చేయలేదు.

సందేశం రాసినాయన ఇక్కడికి చదివి ఆపేశారు. ఆపకూడని చోట ఆపారు.

ఆ పరీక్షలో మిషన్‌ను సగటున రాత్రికి 3.3 గంటలే పెట్టుకున్నారు. నాలుగు గంటలు, ఆపైన పెట్టుకున్నవాళ్లు సగం మంది కూడా లేరు. బీపీ గోలీ వారంలో మూడు రోజులు మింగి గోలీ పనిచేయదన్నట్టుంది ఈ లెక్క. పైగా పోయిన సగం రాత్రి మామూలు సగం కాదు. కలలొచ్చే నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ, ఆ నిద్రలోనే గొంతు కండరాలు మరింత వదులై ఊపిరి ఎక్కువసేపు ఆగుతుంది. పదకొండింటికి పెట్టుకుని రెండింటికి మాస్కు తీసి పక్కన పెట్టే మనిషి, సరిగ్గా ప్రమాదం ఉన్న వేళలో రక్షణ లేకుండా పడుకుంటున్నాడు.

ఎవరిని తీసుకోలేదో కూడా చూడాలి. పగలు బాగా కునుకుపాట్లు పడేవారిని, రాత్రి ఆక్సిజన్ మరీ దిగిపోయేవారిని ఈ పరీక్షలో చేర్చుకోలేదు. అలాంటివారికి ఏళ్ల తరబడి వైద్యం చేయకుండా వదిలేయడం తప్పు కాబట్టి. కాబట్టి స్టీరింగ్ ముందు కన్ను మూతపడే లారీ డ్రైవరుకు, ఆక్సిజన్ 70లకు దిగే మనిషికి మిషన్ అక్కర్లేదని ఈ పరీక్ష చెప్పలేదు, చెప్పజాలదు కూడా. వైద్యం తీసుకోని అప్నియా ఉన్న డ్రైవర్లకు ప్రమాదాల ముప్పు రెండింతలకు పైనే. విజయవాడ హైవే మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట దాటి రాత్రంతా నడిపేవాళ్లకు ఇది గుండె కన్నా ముందు వచ్చే సంగతి.

ఆ తర్వాత సేవ్‌తోపాటు అలాంటివే ఇంకో రెండు పరీక్షల్లోని మొత్తం 4,186 మంది వివరాలను కలిపి 2023లో మళ్లీ లెక్క వేశారు. అందరినీ కలిపితే లాభం కనపడలేదు. రాత్రికి నాలుగు గంటలు, ఆపైన వాడినవారిలో మాత్రం మళ్లీ ప్రమాదం వచ్చే అవకాశం సుమారు 31 శాతం తక్కువ. దీన్ని కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. మాస్కు బుద్ధిగా పెట్టుకునేవాళ్లు గోలీలు కూడా బుద్ధిగా వేసుకునేవాళ్లే అయి ఉండవచ్చు. అందుకని గుండెపోటు మళ్లీ రాకుండా ఆపే మందుగా సీప్యాప్‌ను ఎవరైనా అంటగడితే నమ్మవద్దు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, బీపీ గోలీల స్థానం వాటిదే. సీప్యాప్ వల్ల గట్టిగా రుజువైనవి పగటి మత్తు తగ్గడం, బీపీ కొంత దిగడం. మొండి బీపీ ఉన్న 194 మంది మీద స్పెయిన్‌లో చేసిన పరీక్షలో 12 వారాల్లో 24 గంటల సగటు బీపీ దాదాపు 3 పాయింట్లు అదనంగా దిగింది. ఆ లాభం కూడా ఎక్కువ గంటలు వాడినవారికే ఎక్కువ.

"లావుగా ఉన్నవాళ్లకే వస్తుంది"

బరువు పెద్ద కారణమే, ఏకైక కారణం కాదు. దవడ చిన్నగా, వెనక్కి ఉన్నవాళ్లకు, టాన్సిల్స్ పెద్దగా ఉన్న పిల్లలకు, థైరాయిడ్ తక్కువైనవారికి, ముట్లు ఆగిన ఆడవాళ్లకు బక్కగా ఉన్నా రావచ్చు. మనవాళ్లలో తక్కువ బరువుకే పొట్ట, మెడ చుట్టూ కొవ్వు చేరుతుంది. టేపు తెచ్చి మెడ కొలవండి. 40 సెంటీమీటర్లు దాటి, బీపీ ఉండి, గట్టి గురక ఉండి, వయసు 50 పైబడితే నిద్ర పరీక్ష చేయించాల్సిందే.

ఇంట్లో చేసే చిన్న పరీక్షలో ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు ఉంటాయి. గోళ్లరంగు తీసేసి పెట్టుకోవాలి. ఈ పరీక్ష నిద్రను కొలవదు, రికార్డయిన మొత్తం సమయంతో భాగిస్తుంది. రాత్రి సగం మెలకువగా ఉంటే జబ్బు ఉన్నదానికన్నా తక్కువగా కనపడుతుంది. గుండె బలహీనంగా ఉన్నవారికి, పక్షవాతం వచ్చినవారికి ఇది సరిపోదు, మెదడు తరంగాలతో సహా చూసే పూర్తి పరీక్ష కావాలి. రిపోర్టులో ఏహెచ్‌ఐ అన్న అంకె గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, బాగా తగ్గిందో చెబుతుంది: 5 నుంచి 15 స్వల్పం, 30 దాటితే తీవ్రం. ఆ ఒక్క అంకెతో ఆగకండి. ఆక్సిజన్ ఎంతవరకు దిగింది, 90 కింద ఎంతసేపు ఉంది, వెల్లకిలా ఉన్నప్పుడు ఎంత అన్నవి అడగండి. వెల్లకిలా ఉన్నప్పుడే ఎక్కువైతే బనియను వెనక జేబు కుట్టి బంతి పెట్టుకుని పక్కకు పడుకోవడం కూడా పనికొస్తుంది.

"షుగరుకూ దీనికీ సంబంధం లేదు"

ఉంది. ఆరోగ్యంగా ఉన్న 9 మంది యువతీయువకులను మూడు రాత్రులు నిద్ర లేపకుండానే, శబ్దాలతో గాఢ నిద్రలోకి మాత్రం పోనీయలేదు. నిద్ర గంటలు తగ్గలేదు, ఇన్సులిన్ పనితనం మాత్రం దాదాపు 25 శాతం పడిపోయింది. అప్నియా ప్రతి రాత్రీ చేసే పని ఇదే. కానీ మిషన్ పెట్టుకుంటే షుగరు దిగుతుందని ఆశపడవద్దు. మూడు నెలల సగటు షుగరు సీప్యాప్‌తో నిలకడగా తగ్గిన దాఖలా లేదు. రెండింటినీ కలిపి తగ్గించేది బరువు తగ్గడం. బరువు పదో వంతు తగ్గితే ఏహెచ్‌ఐ సుమారు నాలుగో వంతు తగ్గుతుందని అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్ల తరబడి చూసిన లెక్క. బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌తో 2024లో వచ్చిన పరీక్షలో ఏహెచ్‌ఐ గంటకు 25 నుంచి 29 వరకు తగ్గింది. అయితే వాళ్లంతా బాగా లావున్నవారు, అందులో షుగరు ఉన్నవారిని చేర్చుకోలేదు.

"రెండు చుక్కల నెయ్యి, ఒక సీసా కల్లు"

మూసుకుపోయేది గొంతు, నెయ్యి వేసేది ముక్కులో. నిద్రలో అది ఊపిరితిత్తుల్లోకి జారితే నూనె వల్ల వచ్చే న్యుమోనియా అవుతుంది. పసిపిల్లలకు వేసి ప్రాణం మీదికి తెచ్చిన కేసులు మన దేశంలోనే ఉన్నాయి.

కల్లు సంగతి ఇంకా భయపెట్టేది. ఏ మత్తయినా గొంతు కండరాలను మరింత వదులు చేస్తుంది, ఊపిరి ఆగినప్పుడు మెదడు మేల్కొనడాన్ని ఆలస్యం చేస్తుంది. ఇరవై సెకన్ల ఆగుడు నలభై అవుతుంది. పాలమూరు వైపు కల్తీ కల్లులో అల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నట్టు ఎక్సైజ్ దాడుల్లో మళ్లీ మళ్లీ బయటపడింది. అవి నిద్రమాత్రలే. అప్నియా ఉన్న మనిషికి అది పడుతున్నదంటే పరిస్థితి ఊహించుకోండి. అయితే ఏళ్లుగా ఆ కల్లు తాగుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. జిల్లా దవాఖానలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకుపోయి మందుల సాయంతో మెల్లగా మాన్పించాలి.

"కరెంటు పోతే ప్రాణం పోతుంది"

పోదు. మాస్కులో ఊపిరి బయటికి పోయే రంధ్రాలుంటాయి. ముక్కు, నోరు రెండూ కప్పే మాస్కులో మిషన్ ఆగితే తెరుచుకునే కవాటం ఉంటుంది. మెలకువ వచ్చి తీసేస్తారు, అంతే. మిషన్ ఊపిరితిత్తులను సోమరి చేయదు, ఊపిరి తీసేది మనిషే. కరెంటు కోతలున్న ఊళ్లలో ఇన్వర్టర్ చాలు. తేమ ఇచ్చే హీటర్ ఆపితే బ్యాటరీ రెండింతలు వస్తుంది.

మిషన్ మూలపడడానికి నిజమైన కారణాలు వేరే. బోరు నీళ్లు తేమ డబ్బాలో పోస్తే మన నేలల్లో నాలుగు రోజులకే తెల్లటి గార కడుతుంది, డిస్టిల్డ్ నీళ్లే పోసి పొద్దున పారబోయాలి. మిర్యాలగూడలో రైసుమిల్లుల దగ్గర ఉంటే తవుడు దుమ్ముకు ఫిల్టర్ రెండు వారాలకే నల్లబడుతుంది, చూసి మార్చాలి. గడ్డం, చెమట ఉన్నచోట మాస్కు లీకవుతుంది. లీకైతే పట్టీలు బిగించడం కాదు, సైజు మార్చాలి. ముక్కు దిబ్బడ ఉంటే ముందు దానికి వైద్యం. మొదటి వారం పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుంటే రాత్రి ఊపిరాడనట్టు అనిపించదు. వాడిన గంటలు, లీకు, మిగిలిన ఏహెచ్‌ఐ మిషన్ కార్డులో ఉంటాయి. నెలకోసారి డాక్టరుకు చూపించాలి.

వాడేసిన మిషన్ ఆన్‌లైన్లో చవగ్గా దొరుకుతుందని కొనేవాళ్లకు ఒక మాట. పైకి ఒకేలా కనిపించే మిషన్లు ఒకటి కావు. ఊపిరిని బట్టి ఒత్తిడిని తానే మార్చే ఏఎస్‌వీ అనే రకాన్ని, గుండె పంపింగ్ 45 శాతం, అంతకన్నా తక్కువ ఉండి మెదడు నుంచే ఊపిరి ఆదేశం ఆగే రకం అప్నియా ఉన్నవారికి పెట్టి చూస్తే, గుండె జబ్బుతో మరణాలు పెరిగాయి. 2015లో 1,325 మంది మీద చేసిన సర్వ్ హెచ్‌ఎఫ్ పరీక్ష ఫలితం అది. గుండె పంపింగ్ ఎంతో చెప్పే ఎకో రిపోర్టు డాక్టరుకు చూపించకుండా ఏ మిషనూ ఇంటికి తెచ్చుకోవద్దు.