స్కూటరు పాటి చేయని కాలు

మా మలక్‌పేట సందులో వడ్డీ వ్యాపారి తరఫున వసూళ్లకు తిరిగే ఒక మహానుభావుడు పోయిన నెలలో కూరగాయల బండాయన కాలు విరగ్గొట్టాడు. ఈ మహానుభావుడి ఖాతాలో ఇది రెండో కాలు. మొదటిది వేరొకరిది, దానికి జైలుకు కూడా వెళ్లివచ్చాడు. ఇంత అనుభవజ్ఞుడిని చట్టం ఏమని సత్కరిస్తుందోనని భారతీయ న్యాయ సంహిత తిరగేశాను.

పాత నేరస్థులను గుర్తుపట్టే పని అందులో 13వ సెక్షన్‌ది. నాణేలు, నోట్లు, స్టాంపుల అధ్యాయంలో గానీ, ఆస్తి అధ్యాయంలో గానీ మూడేళ్లు, ఆపైన శిక్షపడే నేరానికి ఒకసారి దోషిగా తేలినవాడు మళ్లీ అలాంటిదే చేస్తే పదేళ్ల దాకా ఖైదు, లేదా యావజ్జీవం. దీనికి ముందున్న బ్రిటిషు కాలపు శిక్షాస్మృతి ఐపీసీలో ఇది 75వ సెక్షన్. 2024 జులై 1న వలస చట్టాన్ని సాగనంపామని పండగ చేసుకున్నాం. దీనికి మాత్రం నంబరు మార్చి ఇంట్లోనే ఉంచుకున్నాం. మనిషి ఒంటిపై జరిగే నేరాల అధ్యాయం ఊసు అందులో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నాంపల్లి కోర్టు బోనులో ఇద్దరిని ఊహించండి. ఒకడు రెండోసారి స్కూటరు ఎత్తుకుపోయినవాడు. న్యాయదేవత కళ్లగంతల్లోంచే ఆనవాలు పట్టి, “మళ్లీ నువ్వేనట్రా?” అని గద్దిస్తుంది, దొంగతనం సెక్షన్ ప్రకారమే ఏడాదికి తగ్గని, ఐదేళ్ల దాకా కఠిన ఖైదు, 13వ సెక్షన్ కూడా తోడైతే ఇక చెప్పనక్కరలేదు. రెండోవాడు మన మహానుభావుడు. ఆ తల్లి అతణ్ని ఎగాదిగా చూసి, “బాబూ, మిమ్మల్ని ఎక్కడా చూసిన గుర్తు లేదే!” అంటుంది. తీవ్రగాయానికుండే మామూలు సెక్షన్ ప్రకారం మొదటి కాలికి ఏడేళ్లు మించదు, రెండో కాలికీ మించదు, పదో కాలికీ మించదు. జడ్జిగారు పాత శిక్షను మనసులో పెట్టుకోవచ్చు గానీ ఆ గీత దాటలేరు. రెండుసార్లూ కాలితోపాటు జేబులోని వందనోటు కూడా లాక్కుని ఉంటే అది దోపిడీ అయ్యేది, ఆస్తి అధ్యాయంలో పడేది, అమ్మకు వెంటనే గుర్తొచ్చేది. పాపం, నిజాయతీపరుడు, ఉత్త కాలే విరిచాడు.

అత్యాచారం, వెంటపడి వేధించడం వంటివాటికి రెండోసారి శిక్ష పెంచడం ఇదే సంహితకు తెలుసు. ఎముకల దగ్గరికి వచ్చేసరికే మతిమరుపు. ఆ లోటు పూడ్చడానికి మన పోలీసులకు రౌడీషీటుంది, 1986 నాటి పీడీ (ముందస్తు నిర్బంధ) యాక్టుంది. ఆ యాక్టు కింద దోషిగా తేల్చే శ్రమ లేకుండానే పన్నెండు నెలల దాకా లోపల పెట్టవచ్చు. రుజువైన నేరాన్ని లెక్కలోకి తీసుకోనిది ఒకటి, రుజువే అక్కర్లేనిది ఇంకొకటి!

ఇక నవ్వులాట చాలు. తెల్లవారుజామున నాలుగింటికి మార్కెట్టుకు వెళ్లి బండి నింపుకుని, ఎండలో గల్లీ గల్లీ తోసి పిల్లలను చదివించుకునే మనిషి కాలు కన్నా, ఎవరి ఇంటి ముందో నిలబెట్టిన స్కూటరు ఈ దేశానికి ఎక్కువైందా? ఈ లెక్క రాసినవాళ్లలో ఒక్కరైనా ఎప్పుడైనా కాళ్లమీద బతికారా? బండాయన సిమెంటు కట్టుతో అరుగుమీద కూర్చున్నాడు. మహానుభావుడు బెయిలుమీద వచ్చి, ఈ నెల వడ్డీ అడిగి వెళ్లాడు.