బెంగళూరుకు ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, ఖజానా తాళం మాత్రం విధాన సౌధలోనే

2025 సెప్టెంబర్ 2న బృహత్ బెంగళూరు మహానగర పాలికె (బీబీఎంపీ) చరిత్రలో కలిసిపోయింది. దాని స్థానంలో సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అని ఐదు నగర పాలికెలు వచ్చాయి. వాటిపైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ, అంటే అందరూ పిలుచుకునే జీబీఏ. దానికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి, ఉపాధ్యక్షుడు బెంగళూరు అభివృద్ధి శాఖ మంత్రి. గ్రేటర్ బెంగళూరు పరిపాలన చట్టం అదే ఏడాది మే 15న అమల్లోకి వచ్చింది మొదలు నడుస్తున్న చర్చంతా ఐదు కార్పొరేషన్లు మేలా, ఒకటి మేలా అన్నదాని చుట్టూనే తిరుగుతోంది. అసలు అడగాల్సింది అది కాదు. మనం కట్టే పన్నుకు జవాబు చెప్పేది ఎవరు? ఆ డబ్బు ఖర్చు మీద సంతకం ఎవరిది? ఈ రెండింటికీ ఒకే మనిషి పేరు జవాబుగా వచ్చేవరకు కార్పొరేషన్లను ఎన్నిగా విడగొట్టినా ఒరిగేది తక్కువే.

ఈ నగరంలో పాలకవర్గానికి చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 ఆగస్టులో. 2020 సెప్టెంబర్ 10తో దాని గడువు ముగిసింది. ఐదు పాలికెలు పుట్టేనాటికి బెంగళూరు ఒక్క కార్పొరేటర్ కూడా లేకుండా దాదాపు ఐదేళ్లు గడిపింది. గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం 243యూ అధికరణం స్పష్టంగా చెబుతోంది. పాత 198 వార్డులతోనే ఎన్నికలు జరపాలని 2020 డిసెంబర్ 4న కర్ణాటక హైకోర్టు ఆదేశించింది. రెండు వారాలకే సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. అప్పటినుంచి వార్డుల సంఖ్య 243 అయింది, 225 అయింది, చివరికి ఐదు పాలికెల్లో కలిపి 369కి చేరింది. హద్దులు మారిన ప్రతిసారీ ఎన్నిక వెనక్కి వెళ్లింది. ఈ ఐదేళ్లలో బీజేపీ పాలించింది, కాంగ్రెస్ పాలించింది. ఈ ఒక్క విషయంలో రెండింటి మధ్య తేడా వెతికినా దొరకదు.

ఇది మొదటిసారి కూడా కాదు. 2006 చివర్లో పాత పాలకవర్గం గడువు తీరింది. 2007లో ఏడు పురసభలను, ఒక పట్టణ పురసభను, వందకు పైగా గ్రామాలను కలిపి బీబీఎంపీని ఏర్పాటు చేశారు. దానికి ఎన్నికలు జరిగింది 2010లో. కలిపినప్పుడూ మూడేళ్లకు పైగా పాలకవర్గం లేదు, విడగొట్టేముందూ లేదు. పునర్వ్యవస్థీకరణ అన్న మాట వినిపిస్తే ఎన్నిక వాయిదా పడుతుందని ఈ నగరంలో ఉంటున్నవాళ్లకు అలవాటైపోయింది. ఈ అలవాటే నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది.

కార్పొరేటర్లు లేరని నిర్ణయాలేమీ ఆగలేదు. 2025 ఏప్రిల్ నుంచి చెత్త సేకరణకు వినియోగ రుసుము పెట్టారు. ఇంటి విస్తీర్ణాన్ని బట్టి నెలకు 10 రూపాయల నుంచి 400 దాకా ఆస్తి పన్నుతో కలిపి వసూలు చేస్తున్నారు. అక్టోబర్‌లో బి ఖాతా స్థలాలను, అంటే అనుమతులు పూర్తిగా లేనివాటిని, సక్రమమైన ఎ ఖాతాగా మార్చే పథకం ప్రకటించి, మార్గదర్శక విలువలో (ప్రభుత్వం నిర్ణయించిన భూమి ధరలో) 5 శాతం రుసుముగా నిర్ణయించారు. కె.ఆర్.పురం, రామమూర్తి నగర్, హొరమావు వైపు పైసాపైసా కూడబెట్టి సైటు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఇది లక్షల రూపాయల సంగతి. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు వరకు దాదాపు 17 కిలోమీటర్ల సొరంగ రహదారిని 17 వేల కోట్లకు పైగా అంచనాతో తలపెట్టారు. వీటిలో కొన్నింటికి గట్టి కారణాలే ఉండొచ్చు. చెత్త తీయడానికి ఖర్చవుతుందన్నది ఎవరూ కాదనరు. కానీ ఏ ఒక్కదాని మీదా ఎన్నికైన నగర సభలో చర్చ జరగలేదు, ఓటింగ్ జరగలేదు.

ఆంధ్రలో చెత్త పన్ను ఎంత రాజకీయమైందో మనకు గుర్తుంది. 2021లో మొదలైన ఆ వసూళ్ల మీద ఇంటింటా కోపం పెరిగింది, ఎన్నికల ప్రచారంలో అది నినాదమైంది, 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఆ రద్దు మంచిదా కాదా అన్నది వేరే వాదన. పన్ను వేసినవాళ్లను ఓటుతో అడిగే అవకాశం అక్కడి జనానికి దక్కింది. బెంగళూరులో రుసుము వేసింది అధికారులు. వాళ్లను అడగడానికి ఏ ఓటూ లేదు.

ఇక డబ్బు సంగతి. మన కార్పొరేషన్లు సొంత కాళ్ల మీద నిలబడకపోవడం వెనక చాలా ఏళ్ల చట్టాల చరిత్ర ఉంది. ఊళ్లోకి వచ్చే సరుకు మీద స్థానిక సంస్థలు వేసే ఆక్ట్రాయ్ పన్ను కర్ణాటకలో 1979లో రద్దయింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ప్రవేశ పన్నుతో పాటు స్థానిక సంస్థల చేతిలో ఉన్న ప్రకటనల పన్ను కూడా పోయింది. వాహన పన్ను రాష్ట్రానిది. ఈ నగరంలో రిజిస్టరైన బళ్లు కోటి దాటాయి. ఆ బళ్ల కింద నలిగే రోడ్ల మరమ్మతు మాత్రం ఎక్కువగా కార్పొరేషన్ మెడకే. స్టాంపు డ్యూటీ రాష్ట్రానిది. వృత్తి పన్నూ అంతే. వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్లిలోనో పనిచేసే ఉద్యోగి పేస్లిప్‌లో నెలనెలా 200 రూపాయలు, ఫిబ్రవరిలో 300, ఏడాదికి 2,500 కోత పడుతుంది. రాజ్యాంగం 276వ అధికరణం అనుమతించే గరిష్ఠం కూడా అంతే. ఆ సొమ్ము తమ వీధి కాలువకు వెళ్తుందని నమ్మేవాళ్లు చాలామందే కనిపిస్తారు. కర్ణాటకలో అది రాష్ట్ర ఖజానాకు వెళ్తుంది. అదే ఉద్యోగి చెన్నైకి మారితే, ఆరు నెలలకోసారి ఆ పన్ను వసూలు చేసుకునేది చెన్నై కార్పొరేషనే. గరిష్ఠ స్లాబులో లక్ష మంది ఉద్యోగులు ఉంటే ఏడాదికి 25 కోట్లు. ఐటీ కారిడార్‌లో పనిచేసేవాళ్లు ఎన్ని లక్షలో ఊహించుకోండి. దీన్ని పాలికెలకు మళ్లించడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. 1976 నాటి వృత్తి పన్ను చట్టాన్ని శాసనసభ సవరిస్తే సరిపోతుంది. ఐదు పాలికెల కోసం అంత పెద్ద చట్టం రాసినవాళ్లు ఈ చిన్న పని చేయలేదు.

చివరికి కార్పొరేషన్‌కు మిగిలిన పెద్ద ఆదాయం ఆస్తి పన్ను. 2024-25లో బీబీఎంపీకి దీని కింద సుమారు 4,900 కోట్లు వచ్చింది. 2025-26కు ఆ సంస్థ వేసుకున్న బడ్జెట్ దాదాపు 19,900 కోట్లు. మధ్యలో ఉన్న అంతరం చూస్తే రాష్ట్ర సాయం మీద నగరం ఎంత ఆధారపడిందో అర్థమవుతుంది. బెంగళూరుకు ఏటా ఇచ్చే గ్రాంటును 3,000 కోట్ల నుంచి 7,000 కోట్లకు పెంచుతున్నట్టు 2025-26 రాష్ట్ర బడ్జెట్‌లో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రకటించారు. వినడానికి సంతోషంగానే ఉంది. కానీ పెద్ద పనులకోసం ఒక ప్రత్యేక సంస్థను పెడుతున్నట్టు కూడా ఆ బడ్జెట్‌లోనే చెప్పారు. సొరంగం లాంటి పెద్ద ప్రాజెక్టులు ఇప్పుడు బెంగళూరు స్మార్ట్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లిమిటెడ్ అనే కంపెనీ చేతిలో ఉన్నాయి. చెత్తకు ఇంకో కంపెనీ ఉంది. నీటికి 1964 నుంచి జలమండలి, లేఅవుట్లకు 1976 నుంచి బీడీఏ, కరెంటుకు బెస్కాం, బస్సుకు బీఎంటీసీ, మెట్రోకు మరొకటి. రేపు మేయర్ కుర్చీలో కూర్చునే మనిషికి వీటిలో దేని మీదా అధికారం ఉండదు. జనం మాత్రం నల్లా ఎండినా, రోడ్డు కుంగినా మొదట ఆయన ఇంటికే వెళ్తారు.

ఉన్న ఆస్తి పన్ను కూడా ఐదు భాగాల్లో సమానంగా పండదు. ఏటా వసూళ్లలో ముందుండే మహదేవపుర ఇప్పుడు కె.ఆర్.పురంతో కలిసి ఈస్ట్‌లో ఉంది. ఈస్ట్‌లో వార్డులు 50. విజయనగర, రాజాజీనగర, మల్లేశ్వరం లాంటి పాత పేటలున్న వెస్ట్‌లో 112. అంటే టెక్ పార్కుల పన్ను ఒకవైపు, ఎక్కువ వార్డుల ఖర్చు మరోవైపు పడ్డాయి. 2012లో ఢిల్లీ కార్పొరేషన్‌ను మూడుగా చీల్చినప్పుడు ఇదే జరిగింది. దక్షిణ ఢిల్లీ నెట్టుకొచ్చింది. ఉత్తర, తూర్పు కార్పొరేషన్లు జీతాలివ్వలేక చతికిలపడితే, పారిశుద్ధ్య కార్మికులు పదేపదే సమ్మెకు దిగి చెత్త వీధుల్లో గుట్టలు పడింది. 2022లో పార్లమెంటు మళ్లీ చట్టం చేసి మూడింటినీ కలిపేసింది. లోటున్న పాలికెకు రాష్ట్రం ఆదుకుంటుందన్న హామీ మీద ధైర్యంగా కూర్చోలేం. ఎంత, ఏ లెక్కన, ఏ తేదీకి అన్నది చట్టబద్ధమైన సూత్రంగా ఉండాలి. లేకపోతే ఏ పార్టీ గెలిచిన పాలికెకు నిధులు ముందొస్తాయో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు.

జీబీఏను పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు. తారు వేసిన వారానికే జలమండలి వచ్చి రోడ్డు తవ్వే నగరంలో, అన్ని సంస్థలనూ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టే వేదిక కావాల్సిందే. ఇన్నేళ్లూ అది లేకపోవడం వల్లే ఇంత నష్టం. నా అభ్యంతరం ఆ బల్లకు తలవైపు ఎవరు కూర్చుంటున్నారన్న దాని మీద. 31 జిల్లాల రాష్ట్రాన్ని నడిపే ముఖ్యమంత్రికి సర్జాపుర రోడ్డు వరద నీటి కోసం ఎంత సమయం దొరుకుతుంది? పైగా నగర ప్రణాళిక అధికారం కూడా జీబీఏకే వెళ్తోంది. మహానగర ప్రణాళికా సంఘంలో మూడింట రెండొంతుల మంది, ఎన్నికైన మున్సిపల్ సభ్యులూ పంచాయతీ అధ్యక్షులూ తమలోంచి తామే ఎన్నుకున్నవారై ఉండాలని 243జడ్‌ఈ అధికరణం చెబుతోంది. డెబ్బై అయిదు మంది జీబీఏ సభ్యుల్లో మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, అధికారులే నిండి ఉన్నారు. ఐదుగురు మేయర్లు వచ్చి చేరినా వాళ్లు మైనారిటీయే. మేయర్ పదవీకాలాన్ని 30 నెలలకు పెంచడం మంచి మార్పు, పాత ఏడాది పదవి కన్నా వెయ్యి రెట్లు నయం. నిర్ణయం చేసే చోట బలం లేకుండా పదవీకాలం ఒక్కటే పెరిగితే సరిపోదు.

తెలుగు రాష్ట్రాల పాఠకులు ఇది పొరుగు రాష్ట్రం గొడవ అనుకోకూడదు. బీబీఎంపీ పుట్టిన 2007లోనే జీహెచ్ఎంసీ కూడా పుట్టింది. బెంగళూరు చీలిన 2025లోనే హైదరాబాద్ చుట్టూ ఉన్న 27 పురపాలక సంస్థలను జీహెచ్ఎంసీలో కలిపారు. ఒకచోట చీల్చడం, ఇంకోచోట కలపడం. రెండుచోట్లా నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వానిదే. కలిసిపోయిన ఊళ్ల ఆస్తి పన్ను ఆ ఊళ్లకే ఖర్చవుతుందా అన్న ప్రశ్న అక్కడా ఉంది.

బెంగళూరు తెలుగువాళ్లకు మరో సంగతి చెప్పాలి. అద్దెలోనే ఆస్తి పన్ను భారం మోస్తూ, చెత్త రుసుము పంచుకుంటూ, వృత్తి పన్ను కడుతూ కూడా మనలో చాలామంది ఓటు నెల్లూరులోనో అనంతపురంలోనో ఉంచుకుంటాం. అసెంబ్లీ ఎన్నికలప్పుడు బస్సులు కిక్కిరిసేలా ఊరికి వెళ్లి ఓటేసి వస్తాం. ఊరి మీద ప్రేమ సరే. వార్డు ఓటర్ల జాబితా మాత్రం అసెంబ్లీ జాబితా ఆధారంగానే తయారవుతుంది. ఇక్కడే స్థిరపడినవాళ్లు ఫారం 8తో పేరును ఉంటున్న చిరునామాకు మార్చుకోవచ్చు. వార్డు ఎన్నికల ప్రకటన వచ్చాక పరుగెత్తితే గడువు దాటిపోవచ్చు కాబట్టి, ఇప్పుడే చేసుకోవడం మంచిది.