పొడుగు కర్ర పారకు ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ డబ్ల్యూపీఏ పార గారికి,

టెక్సాస్ నుంచి ఒక తెలుగువాడు రాసుకున్న ఫిర్యాదు. మేమంతా ఇక్కడ క్షేమం. మీరు ఏ మ్యూజియంలోనో అద్దాల వెనక తుప్పు పట్టకుండా హాయిగా ఉన్నారని తలుస్తాను.

నేరుగా విషయానికొస్తా. మీ మీద ఉన్న కేసు పాతదే: కూలీలు పని చెయ్యకుండా మిమ్మల్ని ఆనుకుని నిలబడ్డారని. అమెరికాలో 1929లో షేర్ మార్కెట్ కూలి, బ్యాంకులు మూతపడి, జనం రోడ్డున పడ్డాక, ఊరికే డబ్బులు పంచే బదులు పని చూపించి కూలి ఇద్దామని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో డబ్ల్యూపీఏ (వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్) అనే సంస్థ పెట్టింది, హ్యారీ హాప్కిన్స్‌ని పెద్దగా కూర్చోబెట్టింది, 1943లో దుకాణం కట్టేసేలోపు సుమారు 85 లక్షల మందికి అందులో ఎప్పుడో ఒకప్పుడు జీతం ముట్టింది. ఇంతమంది ఉంటే జనానికి గుర్తున్న బొమ్మ మాత్రం ఒక్కటే. గుంత పక్కన ఒక మనిషి, మీ కర్ర మీద గడ్డం ఆనించి, మేకలు కాసేవాడిలా తీరుబడిగా నిలబడి ఉంటాడు. దాని మీదే కార్టూన్లు, దాని మీదే జోకులు. డబ్ల్యూ, పీ, ఏ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలకీ 'మేమిలాగే ఈడుస్తాం' అన్నట్టు కొత్త అర్థం కూడా కట్టారు. దండగమారి సర్కారు పనికి బూన్‌డాగుల్ అనే పేరు ఊరూవాడా పాకింది కూడా ఆ రోజుల్లోనే.

నేనూ నమ్మాను లెండి. ఎందుకు నమ్మనూ? మా అపార్ట్‌మెంట్ ముందు రోడ్డుని నాలుగేళ్ళలో మూడుసార్లు తవ్వారు, అదీ పెద్ద పెద్ద మిషన్లతో, పూర్తి జీతాలకి. అలాంటిది ఆకలికి తాళలేక పనికొచ్చినవాళ్ళు పారని ఆనుకుని కట్టిన కట్టడం ఎన్నాళ్ళుంటుంది? నా లెక్క ప్రకారం మీ పనులన్నీ 1950 కల్లా కూలిపోవాలి. కూలలేదు. అదే నా ఫిర్యాదు.

మొన్న లాంగ్ వీకెండ్‌కి నాన్నని తీసుకుని శాన్ ఆంటోనియో వెళ్ళాం. ఆయనది అనంతపురం జిల్లా, నీళ్ళున్న నది కనిపిస్తే చాలు, ఇంక అక్కణ్ణించి కదలడు. నది ఒడ్డున ఉన్న రివర్ వాక్ అనే నడకదారిలోకి దిగే రాతి మెట్ల మీద కూర్చున్నాడు, గంటైనా లేవడు. సరే కదా అని పక్కన కూర్చుని ఫోన్‌లో చదివి ఆ కథంతా ఆయనకి చెప్పాను.

1921లో ఈ నది పొంగి యాభై మంది దాకా పోయారు. అప్పుడు ఊరి పెద్దలకి వచ్చిన ఆలోచనల్లో ఒకటేమిటంటే, ఊరి మధ్యలో వంక తిరిగే ఈ పాయని మూసేసి మురుగు కాలవ చేసేద్దామని. (ఇలాంటి ఆలోచనలు చెప్పడానికి ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు, మన ఊళ్ళ చెరువులనడగండి.) ఊళ్ళో పాతవాటిని కాపాడే కన్సర్వేషన్ సొసైటీ ఆడవాళ్ళు అడ్డం పడ్డారు. రాబర్ట్ హగ్మన్ అనే కుర్ర ఆర్కిటెక్ట్, నది ఒడ్డునే నడిచే దారి వేసి, దుకాణాలు పెట్టి, పడవలు తిప్పుదామని 1929లో ఒక ప్లాన్ చూపించాడు. అందరూ బాగుందన్నారు, డబ్బు మాత్రం ఎవరి దగ్గరా లేదు. పదేళ్ళు ఆగి 1939లో మీరొచ్చారు. 1941కి పని అయిపోయింది: 17,000 అడుగుల నడకదారి, 31 చోట్ల మెట్లు, 11,000 చెట్లూ మొక్కలూ. మధ్యలో 1940లో హగ్మన్‌నే తీసేశారు, తన పనికొచ్చిన సరుకు పక్క పనికి పోతోందని అడిగినందుకు. ఆయన ఊరుకోకుండా నీటి అంచునే ఆఫీసు తెరిస్తే, ఎలకలా మునిగి చస్తావని నవ్వారట. ఎవరూ మునగలేదు. ఇప్పుడు అదే ఒడ్డున కాఫీ తాగాలంటే క్యూలో నిలబడాలి.

ఇంతా విన్నాక నాన్న మెట్టుని అరచేత్తో రెండుసార్లు కొట్టి చూసి, "ఏమిరా, ఇది కరువు పనా?" అన్నాడు. అవును నాన్నా, అచ్చంగా కరువు పనే. "కరువు పనికి ఇంత నున్నగా రాయి చెక్కినారా!" అని మళ్ళీ తడిమాడు. పక్క మెట్లు చూద్దామని వెళ్తే అవి ఇంకో రకం, ఆ పక్కవి మరో రకం. పని ఎగ్గొట్టేవాడికి ఇంత ఓపికెక్కడిదండీ? ఒకే అచ్చు పోసేస్తే ఆనుకోవడానికి ఇంకాస్త టైం మిగిలేది కదా.

తర్వాత ఆ కార్టూన్ చూపించాను. నాన్న కళ్ళజోడు సవరించుకుని మనిషిని వదిలేసి మిమ్మల్ని చూశాడు. "మన పార కాదే ఇది. మన పారని ఆనుకుంటే మూతి పగుల్తుంది" అన్నాడు. నిజమే. మన పారకి కర్ర పొట్టి, ఆకు వంపు, నడుం వంచితే తప్ప పని జరగదు, అలిసిపోతే గట్టు మీద కూలబడాలి. మీకేమో ఛాతీ దాకా కర్ర. మీ పొడుగే మీ కొంప ముంచింది సార్. పైగా మీ వాళ్ళ రూలేమో డబ్బు మిషన్లకి కాకుండా కూలీలకి పోవాలని. మట్టంతా చేత్తోనే ఎత్తాలి, లారీ వచ్చేదాకా నిలబడాలి. ఆ నిలబడ్డ రెండు నిమిషాలే ఫొటోలో పడ్డాయి. ఎత్తిన మట్టి పడలేదు.

మిగతా సాక్ష్యాలు చూసినా నాకు ఓటమే. ఓరెగాన్‌లో మంచుకొండ మీద టింబర్‌లైన్ లాడ్జ్ కట్టారు, మెట్ల స్తంభాలకి పాత టెలిఫోన్ స్తంభాలు తెచ్చి వాటి తలల మీద పక్షుల్నీ జంతువుల్నీ చెక్కారు, పొయ్యి దగ్గర కట్టెలు నిలిపే ఇనప కాళ్ళు పాత రైలు పట్టాలవి. న్యూయార్క్‌లో లగార్డియా విమానాశ్రయం మొదట కట్టింది కూడా మీరే.

ఇంకో సంగతి, మనలో మాట. మా వాట్సాప్ గ్రూపులో ఒక బాబాయ్ ఉన్నాడు. ఉపాధి హామీ కూలీలు చెట్టు కింద కూర్చున్న ఫొటో నెలకోసారి పెడతాడు, కింద నవ్వే బొమ్మలు నాలుగు. ఆ పథకం 2006లో మొదలైంది మా జిల్లాలోనే, బండ్లపల్లిలో. ఫొటోలో టైం మధ్యాహ్నం అని, మే నెల అని, అనంతపురం అని ఆయనకి తోచదు. అదే బాబాయ్ కిందటేడు శాన్ ఆంటోనియో వచ్చి ఈ మెట్ల మీదే పదహారు ఫొటోలు దిగాడు. పదిట్లో రెయిలింగ్‌ని ఆనుకునే ఉన్నాడు.

కాబట్టి అయ్యా, కేసు వెనక్కి తీసుకుంటున్నాను. ఖర్చులు మాత్రం మీరే ఇప్పించాలి. పార్కింగ్ 25 డాలర్లు.

ఇట్లు,
మెట్ల మీంచి నాన్నని లేపలేకపోయిన ఒకడు

తా.క.: మీరు పల్లెల్లో 20 లక్షలకి పైగా మరుగుదొడ్లు కూడా కట్టారని ఆలస్యంగా తెలిసింది. కాంక్రీటు గచ్చు వేసి, మూతలు పెట్టి మరీ. ఆ కార్టూన్లన్నీ ఎక్కడ కూర్చుని ఆలోచించారో ఇప్పుడర్థమైంది.