సవరణ: చైనా గ్రాస్ ఐరిష్ మాస్‌తో చేసేది కాదు

రంజాన్ నెలలో చైనా గ్రాస్ స్వీటు గురించి రాస్తూ, బేగంబజార్‌లో దొరికే ఆ తెల్లటి పోగుల్ని ఐరిష్ మాస్ అనే ఎర్ర నాచు నుంచి తీస్తారనీ, అది మన విశాఖ రాళ్ల మీద కూడా పెరుగుతుందనీ అన్నాను. రెండూ తప్పే.

చైనా గ్రాస్ అంటే అగర్. అది గెలీడియం, గ్రాసిలేరియా లాంటి నాచుల నుంచి వస్తుంది. ఐరిష్ మాస్ ఇచ్చేది క్యారజీనన్. రెండు రకాలూ ఎర్ర నాచులే, రెండూ గడ్డకట్టించేవే. నేను బోల్తా పడింది అక్కడే. మా ఫ్రిజ్‌లోని చాక్లెట్ పాల డబ్బా తిప్పి చూస్తే 'స్టెబిలైజర్ 407' అని ఉంది. అదే క్యారజీనన్, కోకో అడుక్కి దిగిపోకుండా పట్టి ఉంచేది. అగర్ నంబరు 406. ఒకసారి గడ్డకట్టిన అగర్ దాదాపు 85 డిగ్రీల దాకా కరగదు కాబట్టి మన మే నెల ఎండకీ చెక్కుచెదరదు.

ఇక ఐరిష్ మాస్ ఊరు ఉత్తర అట్లాంటిక్. ఐర్లండ్, బ్రిటన్ తీరాల్లో, కెనడా తూర్పు తీరంలో, ఆటుపోట్లు తగిలే రాళ్లను కరుచుకుని, విసనకర్రలా చీలికలై, జానెడు లోపు పెరుగుతుంది. ఎండ బాగా తగిలితే ముదురు ఎరుపు పోయి పచ్చగా పాలిపోతుంది. పేరులో మాస్ ఉన్నా గోడల మీద పాకే మొక్క కాదు. (తెలుగులో గోడ మీదిదీ సముద్రంలోదీ రెండూ నాచే, ఆ గొడవే లేదు.)

పాత పోస్టులో ఆ వాక్యాలు మార్చాను. కొలత మాత్రం అదే: లీటరు పాలకు 10 గ్రాములు.