120 మైక్రాన్ల ధర్మశాస్త్రం

మన దేశంలో ధర్మాన్ని ఇప్పుడు మైక్రాన్లలో కొలుస్తున్నారు. 1999లో కూరగాయల ప్లాస్టిక్ కవర్ మందం 20 మైక్రాన్లు ఉంటే చట్టానికి అభ్యంతరం లేదు. 2011లో అది 40 అయింది, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. ఇంత క్రమం తప్పకుండా మన జీతాలు కూడా పెరగలేదు.

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కొలవడానికి పరికరం ఉంది కానీ, మార్కెట్‌కు తనిఖీకి వచ్చేవారికి దాని అవసరం పడదు. కవర్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రెండుసార్లు నలుపుతారు. ఒక్క క్షణం ఆగి, "ఇది నూట ఇరవై ఉండదమ్మా" అని తేల్చేస్తారు. నాడి పట్టుకుని రోగం చెప్పే వైద్యులు అంతరించిపోయారని వాపోయేవాళ్లు ఒకసారి అక్కడ నిలబడి చూడాలి. టమాటాల అవ్వ జరిమానా కట్టి, మిగిలిన కవర్ల కట్టను గోనెపట్టా కిందికి తోసి, వాళ్లు సందు మలుపు తిరగ్గానే మళ్లీ తూకం మొదలెడుతుంది. ఆ కవర్లను తయారుచేసిన ఫ్యాక్టరీ ఆ సందులో లేదు కాబట్టి దాని నాడి ఎవరూ చూడరు.

నిజానికి కవర్ పుట్టింది సదుద్దేశంతోనే. స్వీడన్ ఇంజనీరు స్టెన్ గుస్తాఫ్ థులిన్, సెల్లోప్లాస్ట్ అనే కంపెనీ కోసం దాన్ని రూపొందించాడు. 1965లో అమెరికా పేటెంట్ కూడా వచ్చింది. కాగితం సంచుల కోసం చెట్లు కూల్చేస్తున్నారు, ఇదైతే మడిచి జేబులో పెట్టుకుని మళ్లీ మళ్లీ వాడతారు అనుకున్నాడట. ఈ మాట ఆయన కొడుకు చెప్పాడు. ఆ మహానుభావుడి కోరికను అక్షరాలా పాటించిన జాతి మనదే. వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడే పెద్ద కవర్లో దాచిన చిన్న కవర్లే అందుకు సాక్ష్యం. వాటిని మళ్లీ వాడతామా అన్నది వేరే సంగతి.

సరిగ్గా ఆ మరుసటి ఏడాదే, 1966లో, ఇంగ్లండ్‌లోని హార్లోలో చార్లెస్ కావు అనే ఇంజనీరు, గాజుపోగులో మలినాలు తీసేస్తే దాని గుండా కాంతి మీద కబుర్లు పంపొచ్చన్నాడు. కిలోమీటరు వెళ్లేసరికి నూటికి ఒక వంతు వెలుగు మిగిలినా చాలన్నది ఆయన లెక్క. 1970లో అమెరికాలో కార్నింగ్ కంపెనీవాళ్లు అంతకంటే మెరుగైన గాజుపోగునే తీశారు. ఇప్పుడు కిలోమీటరు పోయాక కూడా 95 శాతం పైగా వెలుగు మిగులుతోంది. కావుకు 2009లో నోబెల్ వచ్చింది. అంతకుముందే, 1954లో, గాజుపోగుల కట్ట గుండా బొమ్మను పంపి చూపించిన పంజాబీ నరిందర్ సింగ్ కపానీకి రాలేదు. ఆయన పోయాక మనం పద్మవిభూషణ్ ఇచ్చి సర్దుకున్నాం.

ఇక అసలు విషయం. ఆ గాజుపోగు మందం 125 మైక్రాన్లు. కవర్‌కు చట్టం చెప్పిన మందం 120. అంటే సముద్రాల అడుగు నుంచి ఖండాల మధ్య డేటాను దాదాపు అంతా మోసే పోగూ, అరకిలో బెండకాయలు మోసే కవరూ కేవలం 5 మైక్రాన్ల తేడాలో ఉన్నాయి. పైగా పోగులో కాంతి నడిచే దారి 9 మైక్రాన్లే. బెండకాయలకు ఇచ్చిన మర్యాద మనం కాంతికి ఇవ్వలేదు.

ఇంత శ్రమపడి కాంతిని మన ఇంటిదాకా తెచ్చుకుని ఏం చేస్తున్నాం? ఆర్డర్లు పెడుతున్నాం. హైదరాబాద్‌లో వేలు నొక్కితే మూడు నాలుగు మిల్లీసెకన్లలో కబురు బెంగళూరు చేరుతుంది. రెండు రోజుల తర్వాత అగ్గిపెట్టెంత మెమొరీ కార్డు, చెప్పుల జత పట్టే డబ్బాలో, మూరెడు బబుల్ ర్యాప్ చుట్టుకుని దిగుతుంది. ఆ బబుల్ ర్యాప్ కూడా 1957లో న్యూజెర్సీలో ఇద్దరు గోడలకు అంటించుకునే అలంకారంగా చేసిన సరుకు. గోడలకు ఎవరూ అంటించుకోలేదు, అందుకని ప్రపంచమంతా చుట్టుకుంది. గాజుపోగుకీ ప్లాస్టిక్‌కీ వైరమేమీ లేదు. తీగ ఎంత వేగంగా పనిచేస్తే చెత్తబుట్ట అంత త్వరగా నిండుతుంది.

ఇక చిప్స్ ప్యాకెట్ సంగతి. బయట అచ్చు వేసిన పొర, మధ్యలో అల్యూమినియం, లోపల పాలిథిన్. అతికించడం వచ్చింది, గిట్టుబాటు ఖర్చులో విడదీయడం రాలేదు. 2016 నియమాలు ఇలాంటి బహుళపొరల ప్లాస్టిక్‌లో రీసైక్లింగ్‌కు లొంగనిదాన్ని రెండేళ్లలో సాగనంపాలన్నాయి. రెండేళ్లు గడిచాయి. ప్యాకెట్ పోలేదు, నియమం మారింది. రీసైక్లింగ్‌కు పనికిరాని, లేదా కాల్చి శక్తి రాబట్టలేని, లేదా మరో ఉపయోగమంటూ లేని ప్లాస్టిక్‌కు మాత్రమే ఆ ఉద్వాసన అని 2018లో సవరించారు. ఆ వాక్యం రాసినవారికి నా నమస్కారం. మరో ఉపయోగం లేని వస్తువు అంటూ ఈ దేశంలో ఒక్కటైనా ఉందా?

మా వీధినే తీసుకోండి. తెలంగాణలో ఫైబర్‌ను, అంటే ఆ గాజుపోగునే, మంచినీళ్ల పైపుల కందకాల్లో వేశారు. ఆంధ్రలో ప్రభుత్వం కరెంటు స్తంభాల మీదుగా లాగింది. మా కేబులబ్బాయిదీ స్తంభాల పద్ధతే. స్తంభానికి ఉండలుగా చుట్టిన నల్లతీగ, దాని పక్కన పోగుల్ని అతికించిన పెట్టె. మూత ఎప్పుడో పోయింది. వాన పడితే నెట్ పోతుంది. ఫోన్ చేస్తే "ఫైబర్ కట్ సార్" అన్న మాట ఒక్కటే వస్తుంది. మొన్నటి వానలో నిచ్చెన వేసుకుని వచ్చి, జేబులోంచి నల్ల కవర్ తీసి పెట్టెకు తొడిగి, రబ్బరుబ్యాండు వేశాడు. చికెన్ కొట్టువాళ్లు ఇచ్చే కవరే.

"అది ఎన్ని మైక్రాన్లు బాబూ?" అని కింద నుంచి అడిగాను.

"ముందు నెట్ వస్తోందో లేదో చూడండి సార్."

వస్తోంది.