ఠాణాలో అల్లుడి మర్యాదలు

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు ఠాణాల మీద హక్కుల సంఘాలవాళ్ళు వేసే నిందలు వింటే మనసు కష్టపడుతోంది. అక్రమ నిర్బంధమట! అరెస్టే లేనిచోట నిర్బంధం ఎక్కడిది? ఇంటికొచ్చిన కానిస్టేబులు చెప్పేది ఒక్కటే: "ఊకెనే అడగనీకె సార్ రమ్మన్నడు, పొద్దుమీకెటాల్లకు పంపిస్తం." అంటే అది పిలుపు. పిలిస్తే పోయినవాడు అతిథి. అతిథి చేతిలో అరెస్టు మెమో పెడితే ఏం మర్యాద?

ఈ మర్యాదకో లెక్కుంది. అరెస్టయినవాణ్ణి 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇంకొన్ని పనులు తగిలించింది: మెమో మీద ఇంటివాళ్ళదో ఊళ్ళో పెద్దమనిషిదో సాక్షి సంతకం, ఒంటి మీది గాయాల జాబితా, 48 గంటలకోసారి డాక్టరు పరీక్ష. కాగితం మీద ఈ గడియారాలన్నీ అరెస్టు రాసిన నిమిషం నుంచే కదులుతాయి. రాయకపోతే సరి. శనివారం దేవరకొండలో బండెక్కిన అతిథి మంగళవారం పొద్దున బస్టాండు దగ్గర 'అనుమానాస్పదంగా తిరుగుతూ' పట్టుబడతాడు. జేబులో బంగారం. ఇద్దరు పంచుల, అంటే సాక్షుల ముందు తనంతట తానే నేరం ఒప్పుకుంటాడు. మధ్యలో మూడు రాత్రులు ఏమయ్యాయో రిమాండు రిపోర్టుకు అక్కర్లేదు.

పోలీసుల ముందు ఒప్పుకోలు కోర్టులో చెల్లదు గదా, ఎందుకింత శ్రమ అంటారేమో. సొత్తు కోసం. ఒప్పుకోలులో సొత్తు దొరకడానికి దారితీసిన ముక్క మాత్రం చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో అది 27వ సెక్షను, కొత్తదాంట్లో 23లో దూరింది. రికవరీ అయితే ప్రెస్‌మీట్, కాకుంటే ఇంకో రాత్రి మర్యాద. 2021 జూన్‌లో అడ్డగూడూరు ఠాణాకు దొంగతనం అనుమానం మీద తీసుకెళ్ళిన దళిత మహిళ ప్రాణమే పోయింది. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్ళను కొలువులోంచి తీసేశారు. మర్యాద కొంచెం ఎక్కువైంది కాబోలు.

ఇవన్నీ కెమెరాలో ఉండాలి. ఠాణా మొత్తం కెమెరాలు పెట్టి, మాటా రికార్డు చేసి, 18 నెలలు దాచమని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫుటేజీ అడిగిననాడే హార్డ్‌డిస్కుకు జ్వరమొస్తుంది, పాపం.

హక్కులవాళ్ళకు మాత్రం ఓపిక లేదు. మనిషి బండెక్కిన గంటలోనే రాతకు దిగుతారు: తీసుకెళ్ళిన సమయం, బండి నంబరు, యూనిఫాంలో ఎందరు, మఫ్టీలో ఎందరు. అది ఎస్పీకి, మెజిస్ట్రేటుకు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు మెయిల్లో, స్పీడ్‌పోస్టులో పోతుంది. ఠాణా మొదలుపెట్టని గడియారాన్ని పోస్టాఫీసు రసీదు మొదలుపెడుతుంది, ఎంత దుర్మార్గం! ఉచిత వకీలు కోసం 15100కు ఫోను. ఫలానా తేదీల ఫుటేజీ చెరపొద్దని అదే వారం ఇంకో లేఖ. అప్పటికీ మనిషి కనపడకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని తెచ్చి కోర్టు ముందు నిలబెట్టమనే పిటిషన్. ఈ అల్లరికి నల్లగొండలో ఖరీదు కట్టిన రోజులూ ఉన్నాయి: 2001 ఫిబ్రవరిలో పౌరహక్కుల సంఘం నాయకుడు ఆజం అలీని చంపేశారు.

డాక్టర్లనూ వదలరు. రిమాండుకు ముందు పరీక్ష ఎంత చల్లగా జరిగిపోతుంది! తలుపు దగ్గర కానిస్టేబులు. "దెబ్బలేమన్న ఉన్నయా?" "లెవ్ సార్." అయిపాయె. వీళ్ళేమో 1999 నాటి ఇస్తాంబుల్ ప్రొటోకాల్ పట్టుకొస్తారు, హింస గుర్తులను డాక్టర్లు ఎలా పరీక్షించి రాయాలో చెప్పే ఐక్యరాజ్యసమితి పుస్తకం అది. పోలీసులు గది బయటుండాలట. బట్టలు తీయించి చూడాలట. గాయం పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలట. గుర్తుల్లేనంత మాత్రాన హింస జరగలేదని రాయకూడదట. అరికాళ్ళ మీద కొడితే పైవాపు కొన్నాళ్ళకు దిగిపోతుంది, ఎక్స్‌రేలో ఎముకలు బాగానే కనపడొచ్చు. మడమ కింద మెత్తటి కండ చితికిపోతే మాత్రం అడుగు వేసినప్పుడల్లా నొప్పే, అదీ ఏళ్ళ తరబడి. మునుగోడు దిక్కు గీతకార్మికుడు మోకు బిగించి, పాదాలు తాటిమానుకు తన్నిపెట్టి ఎక్కాలి. ఆ పాదాలతో ఎక్కలేడు. కాగితంలో మాత్రం ఆరోగ్యవంతుడు.

చిత్రహింసల మీద ప్రత్యేక చట్టం కావాలని వీళ్ళ ఇంకో గొడవ. ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక మీద మన దేశం 1997లో సంతకం చేసింది, ధ్రువీకరణ మిగిలింది. పాకిస్తాన్ 2010లోనే ఆ పని కానిచ్చింది. అదే ఏడు మన లోక్‌సభ బిల్లు పాస్ చేస్తే రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పంపింది, తర్వాత అది మురిగిపోయింది. 2017లో లా కమిషన్ మళ్ళీ ముసాయిదా రాసిచ్చింది. తొందరేముంది?

ఆఖరికి మానవహక్కుల కమిషన్. ఘటన జరిగిన ఏడాదిలోగా ఫిర్యాదు పడాలి, ఫీజు లేదు. కమిషన్ నివేదిక అడుగుతుంది. ఎవరిని? ఎస్పీని. ఎస్పీ డీఎస్పీని, డీఎస్పీ సీఐని, సీఐ ఎస్సైని. ఎస్సై తీరిగ్గా కూచుని రాస్తాడు: విచారణకు పిలిచాం, చాయ తాపి పంపించాం. అందుకే ఈ హక్కులవాళ్ళు ఫిర్యాదుతోపాటే స్పీడ్‌పోస్టు రసీదు, ఆస్పత్రి చీటీ, స్కేలు పక్కన పెట్టి తీసిన అరికాళ్ళ ఫొటో జతచేస్తారు. అదే ఫైల్లో చాయ సంగతి కూడా పెట్టుకుని చదవడం కమిషన్‌కు ఎంత ఇబ్బందో వాళ్ళు ఆలోచించరు.