ఇల్లరికపు అల్లుడుగారికి మావగారి లేఖ

మహారాజశ్రీ అల్లుడుగారికి,

కూకట్‌పల్లి నుంచి మీ మావగారు నమస్కరించి వ్రాయునది. నిజానికి అల్లుణ్ణి దీవించాలి గానీ నమస్కారం పెట్టకూడదు. కానీ మీది 2012 మోడల్. కార్ల లెక్కలో మా తాతగారి ఈడు. అందుకని పెట్టేస్తున్నాను.

ఇక్కడ మేమందరం క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడం ఆనవాయితీయే గానీ, ఇప్పుడే సెల్లార్‌లోకి దిగి చూసొచ్చాను. ముందు ఎడమ చక్రం మీదికి మళ్లీ ఒరిగిపోయి ఉన్నారు. వాచ్‌మన్ మీ బానెట్ మీద టీ గ్లాసు పెట్టబోయి, "జారిపోతోంది సార్, మీ కారు వాలుగా ఉంది" అని నాకే ఫిర్యాదు చేశాడు.

మీ పేరు, వంశం పేరు ఇక్కడ రాయను. పెద్దింటి పరువు. జర్మనీలో పుట్టారు, ఎనిమిది సిలిండర్లు, రెండు టర్బోలు (ఇంజన్‌లోకి గాలి దట్టించే పంకాలు), ఐదు వందల చిల్లర హార్స్ పవర్, తలుపు మెల్లగా ఆనిస్తే చాలు దానంతటదే లోపలికి లాక్కుని మూసుకుంటుంది అని మాత్రం రాస్తాను. కొత్తలో మీ ధర కోటి పైమాటే. 2024లో నేను మిమ్మల్ని 16 లక్షలకు తెచ్చుకున్నాను. అంతే డబ్బుతో మా పై ఫ్లాట్ ఆయన కొత్త ఎస్‌యూవీ కొన్నాడు. ఆయన కారుకి సన్‌రూఫ్ ఉంది, వారంటీ ఉంది. ఆయన మొహాన నవ్వు కూడా ఉంది.

మిమ్మల్ని మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ ఒకే మాట అంది: "కోటి రూపాయల అల్లుడు పదహారు లక్షలకు వచ్చాడంటే ఏదో లోపం ఉండే ఉంటుందిరా." లోపమేమీ లేదు, ఢిల్లీ సంబంధం, అక్కడ పెట్రోలు కార్లకు 15 ఏళ్లు, డీజిల్ వాటికి 10 ఏళ్లు అని రూలు పెట్టారు, అందుకే గడువు దగ్గరపడ్డవాళ్లు ముందే ఇటు పంపించేస్తున్నారని నచ్చజెప్పాను. "గడువు దగ్గరపడ్డవాణ్ణి మనకిచ్చారా?" అని అడిగింది. దానికి జవాబు చెప్పలేక టీ తాగాను.

మొదటి దెబ్బ రవాణా ఆఫీసులో తగిలింది. వేరే రాష్ట్రం బండి కదా, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పన్ను నేనిచ్చిన 16 లక్షల మీద అనుకున్నాను. కాదట. మీరు కొత్త పెళ్లికొడుకుగా ఉన్నప్పటి ఇన్వాయిస్ చూసి, వయసును బట్టి శాతం వేస్తారట. ఇన్సూరెన్స్ వాళ్లకి మాత్రం ఆ ఇన్వాయిస్ కనపడదు. మీ నేటి విలువ వాళ్లకి పైసలతో సహా గుర్తుంది. పోతే ఎంతిస్తారంటే నేటి ధర. కట్టాలంటే నాటి ధర. మీ ధర పడిపోయిన సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు, ఒకరు ఇన్సూరెన్స్ వాళ్లు, రెండోవారు మిమ్మల్ని నాకు అమ్మినాయన. మీ స్పేర్ పార్టులకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఇక మీ అలక సంగతి. అందరి కార్లకూ చక్రాల దగ్గర ఇనుప స్ప్రింగులుంటే మీకు గాలి నింపిన రబ్బరు సంచులు. గతుకు వచ్చినా లోపల కూర్చున్నవాళ్లకి తెలియదు. కాదనను. కానీ పదేళ్లు దాటేసరికి ఆ రబ్బరు మడతల దగ్గర సన్నగా పగుళ్లిస్తుంది. రాత్రంతా గాలి పోతుంది. పొద్దున బటన్ నొక్కగానే కంప్రెసర్ మూలుగుతూ మిమ్మల్ని లేపుతుంది. ఒక్క సంచి కారితే దాని పాపం మోయడానికి కంప్రెసర్ రోజంతా తిరిగి తిరిగి అదీ కాలిపోతుంది. కాలిపోయింది కూడా. సంక్రాంతికి అల్లుడు అలిగితే వాచీయో ఉంగరమో పెట్టి లేపుతారు. మిమ్మల్ని లేపడానికి పెట్టిన డబ్బుతో ఇద్దరల్లుళ్లకి బైకులు కొనొచ్చు.

అయినా వీటన్నిటినీ భరించాను. నా ప్రాణం విసిగింది ఎల్బో అనే గొట్టపు మలుపు ముక్క దగ్గర.

మొన్న వేసవిలో ఎర్రగడ్డ ట్రాఫిక్‌లో ఎర్ర లైటు వెలిగింది. బానెట్ కింద తియ్యటి వాసన, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ కారుతోంది. మూసాపేటలో మన మెకానిక్ ల్యాప్‌టాప్ పెట్టి చూస్తే నలభై మూడు ఫాల్ట్ కోడ్‌లు వచ్చాయి. "టెన్షన్ పడకన్నా, ఈ మోడల్‌లో కామనే" అన్నాడు. అతని దృష్టిలో మీలో కామన్ కానిది ఏదీ లేదు. తర్వాత విషయం విడమర్చి చెప్పాడు. మామూలుగా టర్బోలు ఇంజన్‌కి పక్కల ఉంటాయి. మీ పెద్దలు రెండిటినీ సిలిండర్ల వరసల మధ్య లోయలో కూర్చోబెట్టారు. పొగ గొట్టాల దూరం తగ్గుతుంది, కాలు నొక్కగానే ఊపందుకుంటుంది. తెలివైన పనే. కాకపోతే వంటింట్లో పొయ్యిని రెండు గోడల మధ్య ఇరికించి పైన మూత వేసినట్టు. ఆ వేడి పక్కనే నీళ్ల గొట్టాలు. అవీ ప్లాస్టిక్‌వి. పన్నెండేళ్లు ఉడికాయి.

నాలుగు రోజుల తర్వాత విరిగిన ముక్కను తీసి నా అరచేతిలో పెట్టాడు. బొటనవేలితో నొక్కాను. ఎండిన వడియంలా పుటుక్కున విరిగింది.

ముప్పై ఏళ్లుగా నాది పైపుల కొట్టు. ఎల్బోలు, టీలు, కప్లింగులు, టెఫ్లాన్ టేపు. కూకట్‌పల్లిలో సగం బాత్‌రూముల్లో నీళ్లు మలుపు తిరిగేది నా సరుకులోనే. నా చేతిలో ఉన్నది ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. తొంభై డిగ్రీల ఎల్బో, ఒక కొసన ఓ-రింగు. అలాంటిది నా కొట్లో 40 రూపాయలు, డజను తీసుకుంటే తగ్గిస్తాను. మీదాని ధర 14,600. ఆర్డర్ పెడితే మూడు వారాలు. "ఇది ఎల్బోయే కదయ్యా" అన్నాను పార్టుల కౌంటర్లో. "కూలెంట్ కనెక్షన్ పీస్ సార్" అన్నాడు కుర్రాడు, పెళ్లిలో పీటల మీద ఉన్న పెళ్లికొడుకుని నేను ఒరేయ్ అని పిలిచినట్టు నా వైపు చూసి.

ముక్క మార్చడానికి పది నిమిషాలు. దాని దాకా చేరడానికి రెండు రోజులు. పైనున్నవన్నీ విప్పాలి. లేబర్ 22,000. "ఎలాగూ ఇంత విప్పాం కదన్నా, చుట్టూ ఉన్న గొట్టాలు, సీళ్లు కూడా మార్చేద్దాం" అన్నాడు మెకానిక్. నా ఒళ్లు జలదరించింది. అది నా డైలాగ్. "ఎలాగూ గోడ పగలగొట్టారు కదండీ, పాత లైన్ మొత్తం మార్చేయండి" అని ఎంతమందికి చెప్పానో, చెప్పి ఎంత అమ్మానో ఆ దేవుడికే తెలియాలి. ఇదే మాట అవతలివాడి నోట వింటే ఎలా ఉంటుందో అరవయ్యో ఏడు దగ్గరపడ్డాక తెలిసింది. సరే, అన్నీ మార్చమన్నాను. బిల్లు ఎంతయ్యిందో మా ఆవిడకి చెప్పలేదు, మీకూ చెప్పను. కరి మింగిన వెలగపండు సంగతి మీకు తెలియదు. మా ఇంట్లో అందరికీ తెలుసు.

మీ గేర్‌బాక్స్ గురించి రెండు ముక్కలే. అందులో నూనె జీవితాంతం మార్చక్కర్లేదని మీ కంపెనీ పుస్తకంలో ఉంది. ఎవరి జీవితాంతమో రాయలేదు. గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్ఎఫ్ వాళ్లేమో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటున్నారు. మీ పాత ముగ్గురు యజమానులూ కంపెనీ మాటే నమ్మారు.

పెట్రోలు మూత లోపల ఏ రకం పెట్రోలు పొయ్యాలో చెప్పే "98 ఆక్టేన్" అనే చిన్న స్టిక్కర్ ఉంది. మొదటి రోజు బంకు కుర్రాడు దాన్ని పైకి చదివి, "సార్, ఇది టైర్ ప్రెషరా?" అన్నాడు. మామూలు పెట్రోలు పోస్తే మీకు అజీర్తి, పైగా అందులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. మీరు పుట్టినప్పుడు ఇక్కడ బంకుల్లో అంత కలిపేవారు కాదు. అజీర్తి తగ్గుతుందని ఖరీదైన ప్రీమియం పట్టిస్తున్నాను. కేపీహెచ్‌బీ సిగ్నల్ దగ్గర మీరు లీటరుకి నాలుగు కిలోమీటర్లిస్తారు, అదీ మూడ్ బాగుంటే. ఐదు వందల గుర్రాలు ఆటో వెనకాల నిలబడి గడ్డి తింటున్నట్టుంటుంది.

ఇన్ని తిట్టాను కదా, ఒక్కటి ఒప్పుకోవాలి. పోయిన కార్తీకమాసంలో తెల్లవారుజామున నాలుగింటికి అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డెక్కాను. మీ మీటర్లో 330 దాకా గీతలున్నాయి. జర్మనీ కంపెనీలు తమలో తాము అనుకున్న మాట ప్రకారం 250 దగ్గర కంప్యూటర్ ఆపేస్తుంది. రోడ్డు మీద బోర్డేమో 120 అంటుంది. నేను బోర్డు మాటే విన్నాను. కాలు ఆనించీ ఆనించనట్టు పెట్టాను. ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే టాకోమీటర్ ముల్లు రెండు వేలు కూడా దాటలేదు. చప్పుడు లేదు, కుదుపు లేదు. శంషాబాద్ దగ్గర అమ్మ కళ్లు తెరిచి, "ఇంకా బయల్దేరలేదేంట్రా?" అంది.

ఆ ఒక్క మాటకి మీకు ఇంకో ఏడాది తిండి పెట్టొచ్చనిపించింది. ఆ సాయంత్రమే బ్యాటరీ చచ్చింది. అది వేరే సంగతి.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. కొత్తగా వేసిన ఎల్బో కూడా ప్లాస్టిక్కే కదా, మళ్లీ ఉడుకుతుంది. అందుకని విరిగిన పాతదాన్ని పట్టుకుని బాలానగర్‌లో మా లేత్ మిషన్ ఆయన దగ్గరికి వెళ్లాను. వెర్నియర్ పెట్టి కొలిచి, అల్యూమినియం కడ్డీలోంచి తీసిస్తానన్నాడు. ఒక్కటైతే 1,800 అన్నాడు. ఒకటి చేస్తే ఎంతో పది చేస్తే అంతే శ్రమ అంటే పది చేయించాను, ఒక్కోటి 900 పడింది. ఒకటి మీకు వేయించాను. మీ ఒంట్లో కారనిది ప్రస్తుతం అదొక్కటే. మిగతా తొమ్మిదీ కొట్లో బాల్ వాల్వుల పక్కన డబ్బాలో పెట్టాను.

నిన్న మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. మెకానిక్ పంపాడట. ఖరీదైన చొక్కా, కళ్ల కింద నలుపు. ఎల్బో తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని వేళ్లతో తిప్పి తిప్పి చూసుకుని, ధరెంత అన్నాడు. బయటికి చూశాను. మీ కవల సోదరుడు, నలుపు రంగు, ఇంజన్ ఆన్‌లోనే ఉంది. ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతుందో లేదో అని ఆపలేదు.

ఆరు వేలు అన్నాను. బేరమాడలేదు.

"ఎలాగూ విప్పుతున్నారు కదండీ, రెండు తీసుకోండి" అన్నాను.

ఇట్లు,
మీ మావగారు

తా.క.: మీ రాబడి మొదటిసారి ఖాతాలో రాశాను. రేపు ఆదివారం అమ్మ యాదగిరిగుట్ట అంటోంది. పొద్దున ఐదింటికి, దయచేసి నాలుగు కాళ్ల మీద నిలబడండి.